మూడో దెబ్బ బరువు: ఐరిష్ ఎయిర్‌ను వాల్ట్జ్‌గా వాయించడం

ఐర్లాండ్‌లో ‘స్లో ఎయిర్’ అంటే తాళానికి కట్టుబడని రాగం. మన ఆలాపనలాగే ఊపిరిని, మాటను బట్టి సాగుతుంది. వాల్ట్జ్ అనే యూరోపియన్ జంట నాట్యం అలా కాదు. మూడేసి దెబ్బల బార్లు (ఆవర్తాలు), మొదటి దెబ్బ బరువుగా, మిగతా రెండూ తేలిగ్గా ఉండాలి. అందుకే ప్రతి ఎయిరూ వాల్ట్జ్‌కు ఒదగదు. ముందే మూడు దెబ్బల నడక ఉన్నవాటిని ఎంచుకోవాలి.

అలాంటివాటిలో ‘షీ వెగ్, షీ వోర్’ చక్కటిది. దాన్ని కట్టింది అంధ హార్ప్ విద్వాంసుడు టర్లో ఓ కారలన్ (1670–1738). వియన్నాలో వాల్ట్జ్ ఊపందుకున్నది 18వ శతాబ్దం చివర్లో. అంటే ఈ రాగం ఆ నాట్యం కంటే పెద్దది. అయినా ఇప్పుడు ఎక్కువగా వాల్ట్జ్‌గానే వినిపిస్తుంది.

డి మేజర్‌లో, అంటే డి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని శంకరాభరణంలో చూద్దాం. ‘స రి’ ఎత్తుగడ, అంటే మొదటి పూర్తి బార్‌కు ముందు వచ్చే స్వరాలు, మూడో దెబ్బ మీద. ఆ మొదటి బార్‌లో గాంధారం ఒకటిన్నర దెబ్బ, రిషభం అర, షడ్జం ఒకటి. ఎత్తుగడను మొదటి దెబ్బగా లెక్కపెడితే పాటంతా తలకిందులవుతుంది. వేగం నిమిషానికి 100 నుంచి 120 దెబ్బలు. 80కి దిగితే నాట్యానికి ఊపు మిగలదు.

అసలు చిక్కు మూడో, నాలుగో బార్లలో ఉంది. ధైవతం రెండు దెబ్బలు, పంచమం ఒకటి; మళ్లీ గాంధారం రెండు, పంచమం ఒకటి. ఫిడేలు మీద సహజంగా కమానును రెండు దెబ్బలు కిందికి లాగి, ఒక్క దెబ్బలో పైకి తోస్తాం. వెళ్లినంత దూరమూ సగం సమయంలో వెనక్కి రావాలి కాబట్టి కమాను వేగం రెట్టింపవుతుంది. తీగ కంపన విస్తారం ఆ వేగానికి అనులోమంగా పెరుగుతుంది. ఫలితంగా సుమారు 6 డెసిబెల్స్ అదనపు మోత! తేలిగ్గా ఉండాల్సిన మూడో దెబ్బే అన్నిటికంటే గట్టిగా పడుతుంది.

చాలామంది చెయ్యి వదులు చేసి సరిపెట్టబోతారు. వేగంగా కదిలే కమాను తీగను పట్టుకోవడానికి కనీస ఒత్తిడి కూడా ఎక్కువే కావాలి. అది తగ్గితే తీగ ఒక్క కంపనంలోనే రెండుసార్లు జారి, స్వరం పైపైన గీసుకుపోతుంది. ఒత్తిడికి బదులు కమాను తాకే చోటు మార్చాలి. బ్రిడ్జికి (తీగలను మోసే చెక్క ముక్కకు) 2 సెంటీమీటర్ల దూరంలో వాయిస్తుంటే, పైకి తోసేటప్పుడు 3 సెంటీమీటర్లకు జరపండి. దూరం పెరిగితే విస్తారం తగ్గుతుంది, కావలసిన ఒత్తిడీ తగ్గుతుంది. 4కు జరిపితే లెక్క ప్రకారం వేగం పెంచినదంతా రద్దవుతుంది కానీ స్వరం మసకబారుతుంది. 3 దగ్గరే ఆగి, చివర్లో కమానును కాస్త ఎత్తి గాల్లోనే వెనక్కి తెచ్చుకుంటే నాదం చెడదు.

టిన్ విజిల్ (చిన్న లోహపు వేణువు) వాయించేవారు ఊపిరి కోసం తర్వాతి బార్ మొదటి దెబ్బను ఆలస్యం చేయకూడదు. సంగీత వాక్యం చివరి దీర్ఘ స్వరాన్నే కొంచెం ముందుగా ముగించాలి. గిటార్‌లో మొదటి దెబ్బకు మంద్ర తీగ, మిగతా రెంటికీ మెల్లగా కార్డు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) చాలు.

ఇక షాన్‌నోస్ (వాద్యాలు లేని ఐరిష్ సంప్రదాయ) గానం నుంచి వచ్చిన స్వేచ్ఛా ఎయిర్లు. అక్కడ స్వరాల నిడివిని నిర్ణయించేది గేలిక్ మాటల ఒడుపు. చప్పట్లతో మూడేసి లెక్కపెడుతూ పాడి చూడండి. ప్రతి పాదంలోనూ చెయ్యి పాట కోసం ఆగాల్సి వస్తుంటే దాన్ని వాల్ట్జ్ చేయొద్దు. చేస్తే ముందుగా నలిగిపోయేవి దీర్ఘ స్వరాలను అల్లుకున్న గమకాలే.