ఫ్లింట్ హిల్స్ పచ్చిక గుట్టలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లను, కాన్సస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్ అనే పచ్చిక గుట్టలు చూపించడానికి తీసుకెళ్తుంటాను. రెండు గంటల దారి. కారు ఎక్కగానే ఈ మాటలు మొదలవుతాయి.

అపోహ: కాన్సస్ అంతా చదును నేలే.

కాదు. తూర్పున సుమారు 680 అడుగుల ఎత్తులో ఉన్న నేల పడమటి అంచుకు వెళ్లేసరికి 4,000 అడుగులు దాటుతుంది. ఫ్లింట్ హిల్స్ అయితే అన్నీ గుట్టలే.

అపోహ: అదంతా వదిలేసిన బీడు.

వదిలేయలేదు, దున్నలేకపోయారు. ఇక్కడి సున్నపురాయి పొరల్లో చెకుముకి రాయి ఉంది, నాగలి దిగదు. అందుకే పశువుల మేతకు మిగిలింది, గడ్డీ బతికింది. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో 17 కోట్ల ఎకరాల్లో పరుచుకున్న ఈ పొడవు గడ్డిలో ఇప్పుడు 4 శాతం కూడా లేదు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడే. స్ట్రాంగ్ సిటీ పక్కన దాదాపు 11 వేల ఎకరాలను 1996లో జాతీయ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. సెప్టెంబరులో అక్కడ బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషి ఎత్తు దాటుతుంది. కంకి మూడు పాయలుగా కోడి కాలులా విచ్చుకుంటుంది. పిల్లల దగ్గరికొచ్చిన ఒక రైతు పెద్దాయన కాడ పట్టుకుని, కణుపు తడిమి, "ఇది మన జొన్నకు చుట్టంలా ఉందయ్యా" అన్నారు. నిజంగానే చుట్టం. జొన్న, చెరకు, ఇది ఒకే తెగ గడ్డిజాతులు.

అపోహ: నిప్పు పెట్టి గడ్డిని నాశనం చేస్తున్నారు.

ఏప్రిల్‌లో పొగ చూసి చాలామంది టెన్షన్ పడతారు. కా, ఒసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగలవాళ్లు ఎప్పటినుంచో కాల్చేవారు, ఇప్పుడు పశువుల రైతులు కాలుస్తున్నారు. కాల్చకపోతే రెడ్ సీడర్ చెట్లు కమ్ముకుని గడ్డికి ఎండ తగలనివ్వవు. గడ్డి మొలక మట్టి లోపల ఉంటుంది, వేళ్లు పదడుగుల లోతుకు దిగుతాయి, మంట పైపైనే పోతుంది. కాలిన మర్నాడు వెళ్తే నల్లటి బూడిదలో తెల్లరాళ్లు దంతాల్లా కనిపిస్తాయి. రెండు వారాలాగి రండి, అదే వాలు వరినారులా పచ్చగా ఉంటుంది. నన్నడిగితే చూడాల్సింది ఆ రెండు వారాల తేడానే.

అపోహ: ఆ ఊళ్లలో ఆగి చూసేదేం లేదు.

కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊళ్లో వెయ్యిమంది కూడా ఉండరు. అయినా ఇటుకలు పరిచిన వీధి చివర 1873లో కట్టిన సున్నపురాయి కోర్టు ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. గంటసేపు నడవండి. ఇటు వచ్చే 177వ నంబరు రోడ్డెక్కే ముందు మాత్రం కౌన్సిల్ గ్రోవ్ ఊళ్లోనే గ్యాస్ (పెట్రోలు) కొట్టించుకోండి.

అపోహ: బైసన్లు (అమెరికా అడవి దున్నలు) సాధువైన గేదెల్లాంటివి.

2009లో ఆ సంరక్షణ ప్రాంతంలో తిరిగి తెచ్చి వదిలిన ఈ అడవి జంతువులు గుర్రంతో సమానంగా పరుగెత్తుతాయి. దూడ పక్కనుంటే ఫొటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి.