కలివికోడి గుడ్డు ఎక్కడ దొరికింది? జాతీయ జంతు సేకరణ వెనుక కథ

1848లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన అరుదైన పక్షి కలివికోడి, 1900 తరువాత ఎవరికీ కనిపించక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని గుడ్డు మాత్రం స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడింది. 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డు కలివికోడిదేనని డీఎన్ఏ పరీక్షతో నిర్ధారించి 2013లో ప్రకటించారు. మన పక్షి ఆనవాలు అంత దూరం ఎందుకు వెళ్లిందో తెలియాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ 1814లో మ్యూజియం ఏర్పాటు చేసింది. 1841లో దాని బాధ్యత చేపట్టిన ఎడ్వర్డ్ బ్లైత్ ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉండి పక్షుల, క్షీరదాల నమూనాలను వర్గీకరించాడు. ఆ సేకరణే 1866 నాటి చట్టంతో ఏర్పడిన ఇండియన్ మ్యూజియంకు చేరింది. అయితే ఇక్కడి నమూనాలన్నీ ఇక్కడే నిలవలేదు. సిమ్లాలో దేశంలోనే పెద్దదైన పక్షుల సేకరణను కూడబెట్టిన బ్రిటిష్ అధికారి ఎ.ఓ. హ్యూమ్, తన రాతప్రతులను ఎవరో ఎత్తుకుపోయి బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేయడంతో మనసు విరిగి, 1885లో సుమారు 80,000 నమూనాలను లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చేశాడు. కాగితాల దొంగకు తాను చేసిన పని ఎంత దూరం పోతుందో తెలిసి ఉండదు.

1916 జులై 1న నెల్సన్ అనన్‌డేల్ సారథ్యంలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడి, ఇండియన్ మ్యూజియంలోని జంతు నమూనాలు దాని అధీనంలోకి వచ్చాయి; జాతీయ జంతు సేకరణ అంటే ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బాంబుదాడుల భయంతో 1942లో వాటిని కాశీకి తరలిస్తే, మరుసటి ఏడాది వరుణా నది వరద ముంచెత్తి చాలా నష్టం చేసింది. బాంబుల నుంచి తప్పించబోయి నీటిపాలు చేసినట్లయింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో చెప్పే చీటీ చెరిగిపోతే, సీసాలోని కప్ప ఎంత చక్కగా నిలిచినా శాస్త్రానికి దాని విలువ చాలావరకు పోతుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, కొత్త జాతిని కనుగొన్నవారు ఆధార నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలి. జంతువుల విషయంలో జూలాజికల్ సర్వే అలాంటిదే. ఈ నిబంధన వెళ్లిపోయినవాటిని వెనక్కి తేలేదు. కొత్త జాతిని ప్రకటించాలంటే దగ్గరి జాతుల తొలి నమూనాలతో, అంటే ఆ జాతులను మొదట వర్ణించడానికి ఆధారమైన నమూనాలతో, పోల్చి చూడవలసిందే. భారతీయ జాతుల్లో ఎన్నింటికో ఆ తొలి నమూనాలు లండన్ సొరుగుల్లో ఉన్నాయి.