గిట్ పుల్ తర్వాత నడిచే స్క్రిప్టులు: అపోహలు - వాస్తవాలు

కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో పుల్ కొట్టగానే, అంటే సర్వర్ నుంచి కొత్త కోడ్ దిగగానే, డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ అవ్వాలి, డేటాబేస్ మైగ్రేషన్లు నడవాలి, పాత క్యాష్ పోవాలి. ఇవి చేత్తో చేస్తూ పోతే ఎవరో ఒకరు ఎప్పుడో మర్చిపోతారు కాబట్టి, ఫలానా ఘట్టంలో గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్టుకు, అంటే హుక్‌కు అప్పజెబుతాం. చిక్కల్లా ఏమిటంటే, "ఫైళ్లు మారాయి" అనగానే లేచి ఈ పని చేసిపెట్టే హుక్ గిట్‌లో లేదు. ఇండెక్స్ (గిట్ తన ఫైళ్ల జాబితా ఉంచుకునే చోటు) రాసినప్పుడల్లా నడిచే పోస్ట్-ఇండెక్స్-చేంజ్ ఒకటుంది గానీ, అది ఉత్త గిట్ స్టేటస్‌కు కూడా లేవగలదు. ఇన్‌స్టాల్ లాంటి బరువైన పనికి పనికిరాదు. మిగతావి చాలావరకు ఏదో ఒక కమాండ్‌కు ముడిపడి ఉంటాయి. కింది అపోహల్లో ఎక్కువ భాగం ఈ సంగతి తెలియకే పుడతాయి.

అపోహ: పోస్ట్-మెర్జ్ పెడితే ప్రతి పుల్ తర్వాతా నడుస్తుంది.

కొన్ని పుల్‌ల తర్వాతే నడుస్తుంది. ఫాస్ట్-ఫార్వర్డ్ (కలపాల్సిందేమీ లేక బ్రాంచ్ నేరుగా ముందుకు జరగడం) అయినా, మెర్జ్ కమిట్ పడినా నడుస్తుంది. కొత్తగా ఏమీ రాకపోతే నడవదు, అది సబబే. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) వస్తే మాత్రం అసలు నడవదు: మీరు దాన్ని సరిచేసి మెర్జ్ పూర్తి చేసేది గిట్ కమిట్‌తో కాబట్టి, అప్పుడు లేచేది పోస్ట్-కమిట్. డిపెండెన్సీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్‌లోనే కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన రోజున, అంటే ఇన్‌స్టాల్ అన్నిటికన్నా అవసరమైన రోజునే, హుక్ మౌనంగా ఉంటుందన్నమాట.

పుల్‌ను --రీబేస్‌తో (మీ లోకల్ కమిట్లను కొత్త కమిట్ల మీద తిరిగి పేర్చే పద్ధతితో) చేసేవాళ్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. లోకల్ కమిట్లు లేకపోతే గిట్ రీబేస్ దాకా వెళ్లకుండా ఫాస్ట్-ఫార్వర్డ్ చేస్తుంది, పోస్ట్-మెర్జ్ నడుస్తుంది. లోకల్ కమిట్లు ఉంటే నిజంగా రీబేస్ జరుగుతుంది. పోస్ట్-మెర్జ్ బదులు పోస్ట్-రీరైట్ నడుస్తుంది. ఒకే సెటప్‌తో ఒకరికి పనిచేసి పక్కవారికి పనిచేయకపోవడానికి తరచూ ఇదే కారణం. బ్రాంచ్ మారితే పోస్ట్-చెకౌట్. గిట్ రీసెట్ --హార్డ్ (ఫైళ్లను ఒక కమిట్ స్థితికి బలవంతంగా తేవడం), స్టాష్ పాప్ (పక్కన దాచిన మార్పులను తిరిగి తేవడం) చేస్తే ఈ మూడింటిలో ఏదీ నడవదు, ఫైళ్లు మాత్రం మారిపోతాయి.

అందుకని అసలు పనిని ఒకే స్క్రిప్టులో పెట్టి, పోస్ట్-మెర్జ్, పోస్ట్-చెకౌట్, పోస్ట్-రీరైట్ మూడూ దాన్నే పిలిచేలా రాయండి. పోస్ట్-చెకౌట్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు వస్తాయి: పాత హెడ్ (అప్పటిదాకా ఉన్న కమిట్), కొత్త హెడ్, ఒక ఫ్లాగ్. ఫ్లాగ్ 1 అయితే బ్రాంచ్ మారినట్టు. 0 అయితే విడి ఫైళ్లను వెనక్కి తెచ్చుకున్నట్టు. పోస్ట్-రీరైట్‌కు మొదటి ఆర్గ్యుమెంట్ "అమెండ్" అని (చివరి కమిట్‌ను సరిదిద్దినట్టు) వస్తే వదిలేయొచ్చు.

ఏ ఫైళ్లు మారాయో చూడటానికి చాలామంది ఒరిగ్_హెడ్‌కూ (మెర్జ్‌కు ముందున్న కమిట్‌కూ) హెడ్‌కూ డిఫ్ తీస్తారు. మెర్జ్ వరకు బాగానే ఉంటుంది. కానీ రీబేస్ మొదట్లో పోస్ట్-చెకౌట్ కూడా లేస్తుంది కాబట్టి, పని రెండుసార్లు జరగొచ్చు. ఇంతకన్నా గట్టి పద్ధతి ఇది: లాక్ ఫైల్‌కు గిట్ హ్యాష్-ఆబ్జెక్ట్‌తో హ్యాష్ (ఫైల్‌లోని విషయాన్ని బట్టి మారే గుర్తు) తీసి, గిట్ రెవ్-పార్స్ --గిట్-డిర్ చూపే ఫోల్డర్‌లో దాచుకోండి. తర్వాతిసారి హ్యాష్ తేడాగా ఉంటేనే ఇన్‌స్టాల్ చేయండి, అది విజయవంతంగా ముగిశాకే కొత్త హ్యాష్ రాయండి. ఏ హుక్ లేపినా, ఎన్నిసార్లు లేపినా నష్టం లేదు. రీసెట్ తర్వాత ఆ స్క్రిప్టును చేత్తో నడిపినా సరిపోతుంది. వర్క్‌ట్రీలు (ఒకే రిపోకు పక్కపక్కన తెరిచిన వేర్వేరు ఫోల్డర్లు) వాడేవాళ్లకు ఒక్కోదానికి విడి గిట్-డిర్ ఉంటుంది కాబట్టి అక్కడా కలగాపులగం కాదు.

అపోహ: హుక్‌ను రిపోలో కమిట్ చేస్తే టీమ్ అందరికీ వస్తుంది.

హుక్కులుండే డాట్-గిట్ ఫోల్డర్‌ను గిట్ ట్రాక్ చేయదు, క్లోన్‌తో పంపదు. ఇది కావాలని చేసిందే. లేకపోతే ఎవరి రిపోను క్లోన్ చేసినా వాళ్ల కోడ్ మీ మెషీన్‌లో నడిచేది. దారి ఏమిటంటే, హుక్కులను రిపోలోనే డాట్-గిట్‌హుక్స్ లాంటి ఫోల్డర్‌లో ఉంచి, ప్రతి ఒక్కరూ ఒక్కసారి కోర్.హుక్స్‌పాత్ కాన్ఫిగ్‌ను దానికి చూపించుకోవాలి. గిట్ 2.9 నుంచి ఈ సౌకర్యం ఉంది.

దీనికి రెండు మూల్యాలున్నాయి. ఒకటి, అది సెట్ చేశాక పాత ఫోల్డర్‌లోని హుక్కులను గిట్ చూడదు. గిట్ ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ పొడిగింపు) పెట్టుకున్న ప్రీ-పుష్, పోస్ట్-చెకౌట్, పోస్ట్-కమిట్, పోస్ట్-మెర్జ్ కూడా అందులోనే ఉంటాయి. ప్రీ-పుష్ పోతే పెద్ద ఫైళ్లు సర్వర్‌కు ఎక్కవు. మీ హుక్కుల్లో ఎల్ఎఫ్ఎస్ పిలుపులను కూడా రాసుకోవాలి. రెండోది, బయటివాళ్ల బ్రాంచ్‌ను రివ్యూ కోసం చెకౌట్ చేస్తే, ఆ బ్రాంచ్‌లో ఉన్న పోస్ట్-చెకౌటే నడుస్తుంది. అలాంటప్పుడు -సి కోర్.హుక్స్‌పాత్=/డెవ్/నల్ చేర్చి చెకౌట్ చేయండి. --నో-వెరిఫై ఇక్కడ పనికిరాదు. అది ప్రీ-కమిట్, కమిట్-మెసేజ్ లాంటి ముందు హుక్కులను దాటవేయడానికే.

అపోహ: ఫైల్ సరైన చోట పెడితే చాలు.

పేరుకు ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు: పోస్ట్-మెర్జ్.ఎస్‌హెచ్ అంటే గిట్‌కు అది హుక్ కాదు. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి; విండోస్‌లో కమిట్ చేసేవారు గిట్ అప్‌డేట్-ఇండెక్స్‌కు --సీహెచ్‌మాడ్=+ఎక్స్ ఇవ్వాలి. మొదటి లైన్ చివర విండోస్ లైన్-ఎండింగ్ ఉంటే లినక్స్‌లో హుక్ నడవదు; గిట్ఆట్రిబ్యూట్స్‌లో ఆ ఫోల్డర్‌కు ఈఓఎల్=ఎల్ఎఫ్ రాయండి. టెర్మినల్‌లో నడిచి, ఎడిటర్ బటన్‌తో పుల్ చేస్తే "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తుంటే మీ షెల్ ప్రొఫైల్‌లోని పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) ఆ ఎడిటర్‌కు అందలేదని అర్థం. గిట్ 2.36 నుంచి గిట్ హుక్ రన్ పోస్ట్-మెర్జ్ -- 0 అని కొట్టి, పుల్ చేయకుండానే హుక్‌ను పరీక్షించొచ్చు.

అపోహ: స్క్రిప్ట్ ఫెయిలైతే పుల్ రద్దవుతుంది.

పేరులోనే పోస్ట్ ఉంది. అప్పటికే అంతా అయిపోయింది. పోస్ట్-మెర్జ్ ఏ కోడ్‌తో ముగిసినా మెర్జ్ మారదు. పోస్ట్-చెకౌట్ కూడా చెకౌట్‌ను ఆపలేదు, కానీ దాని ఎగ్జిట్ కోడే గిట్ చెకౌట్‌ది అవుతుంది. బిల్డ్ స్క్రిప్టులో సెట్ -ఈ (ఏ కమాండ్ ఫెయిలైనా ఆగమనే ఆదేశం) ఉంటే, హుక్ ఫెయిలైనప్పుడు బ్రాంచ్ మారాక కూడా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.

అపోహ: సర్వర్‌కు పుష్ చేస్తే అక్కడి సైట్ ఫైళ్లు మారతాయి.

సర్వర్‌లో సాధారణంగా ఉండేది బేర్ రిపో, అంటే చరిత్ర మాత్రమే ఉన్న రిపో; అందులో పని ఫైళ్లే ఉండవు. పుష్ అందాక సర్వర్‌లో నడిచే పోస్ట్-రిసీవ్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి లైన్లు చదవండి; ఒక్కో లైన్‌లో పాత హ్యాష్, కొత్త హ్యాష్, రెఫ్ (బ్రాంచ్ లేదా ట్యాగ్) పేరు ఉంటాయి. రెఫ్ మీ డిప్లాయ్ బ్రాంచ్ అయితేనే --వర్క్-ట్రీ ఇచ్చి చెకౌట్ -ఎఫ్ చేయాలి. హుక్ లోపల వేరే ఫోల్డర్‌కు వెళ్లి గిట్ పుల్ కొడితే "నాట్ ఎ గిట్ రిపాజిటరీ" అంటుంది. పుష్ హుక్కులకు గిట్_డిర్ వేరియబుల్ ముందే సెట్ అయి వస్తుంది. దాన్ని అన్‌సెట్ చేశాకే పుల్ కొట్టండి. సుదీర్ఘమైన పనిని వెనక వదిలేటప్పుడు దాని అవుట్‌పుట్, ఎర్రర్ రెండింటినీ ఫైల్‌లోకి మళ్లించాలి. లేకపోతే ఆ పని ముగిసేదాకా పుష్ చేసినవారి టెర్మినల్ వేలాడుతూనే ఉంటుంది.

అపోహ: మిగతా వెర్షన్ కంట్రోల్ సిస్టమ్‌లలోనూ ఇంతే.

మెర్క్యురియల్‌లో వర్కింగ్ డైరెక్టరీ మారాక నడిచే "అప్‌డేట్" అనే హుక్ నేరుగా ఉంది. సబ్‌వెర్షన్ కమాండ్-లైన్ క్లయింట్‌లో క్లయింట్ వైపు హుక్కులే లేవు. దాని విండోస్ గ్రాఫికల్ క్లయింట్ టార్టాయిస్ ఎస్‌వీఎన్‌లో మాత్రం పోస్ట్-అప్‌డేట్ దొరుకుతుంది. సబ్‌వెర్షన్ సర్వర్ హుక్కులు డిఫాల్ట్‌గా ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో మొదలవుతాయి, కాబట్టి అక్కడ ప్రతి ప్రోగ్రామ్‌కూ పూర్తి పాత్ రాయాలి.