ఆస్పిరిన్: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?

అపోహ: రోజుకో చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే ఎవరి గుండెకైనా రక్షణే.

గుండె వైద్యంలో నాకు అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే నమ్మకం ఇదే. ఏ జబ్బూ లేకపోయినా, అరవై దాటగానే ‘రక్తం పలుచబడే మాత్ర’ను తమంతట తామే మొదలుపెట్టినవారు వస్తుంటారు. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఈ నమ్మకానికి విత్తనం వేసింది పరిశోధనే. అమెరికాలో 22,071 మంది పురుష వైద్యులపై జరిపిన అధ్యయనం తుది ఫలితాలు 1989లో వచ్చాయి. రోజు విడిచి రోజు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. ఆ అంకె అందరికీ గుర్తుండిపోయింది. గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించే మరణాలు తగ్గలేదన్న సంగతి మాత్రం మరుగున పడింది.

ఆ తర్వాత రక్తపోటుకు మెరుగైన మందులు వచ్చాయి, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్లు వచ్చాయి. ఆస్పిరిన్ అదనంగా చేయగల మేలు కుంచించుకుపోయింది. రక్తస్రావం ముప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2018లో వెలువడిన ఆస్ప్రీ అధ్యయనం దీన్ని తేటతెల్లం చేసింది. ఆస్ట్రేలియా, అమెరికాలలో 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులలో సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, దాదాపు ఐదేళ్లు గమనించారు. వైకల్యం లేకుండా జీవించే కాలం ఆస్పిరిన్‌తో పెరగలేదు. తీవ్ర రక్తస్రావం మాత్రం 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగింది. అంటే వందమందిలో అదనంగా ఒకరు. ఒక్కరే కదా అనుకోవచ్చు. కానీ ఆ ఒక్కరు నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషి! 60 ఏళ్లు, ఆపై వయసువారు ముందుజాగ్రత్త పేరుతో ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని జబ్బుల నివారణపై సలహాలిచ్చే నిపుణుల బృందమైన అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2022లో సూచించింది.

అపోహ: అయితే ఆస్పిరిన్ చెడ్డదే, నేనూ మానేస్తాను.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ మాట. పైన చెప్పినదంతా గుండెపోటు, పక్షవాతం ఎన్నడూ రానివారి గురించి. ఒకసారి గుండెపోటు వచ్చినవారి లెక్క పూర్తిగా వేరు. గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిపై జరిపిన ఐసిస్-2 అధ్యయనం 1988లో వెలువడింది. ఒక నెల ఆస్పిరిన్ ఇస్తే, గుండె, రక్తనాళాల కారణంగా మొదటి ఐదు వారాల్లో సంభవించే మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం, అంటే స్టెంట్, వేయించుకున్నవారు వైద్యుడిని అడగకుండా మాత్ర మానేస్తే, అందులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. వార్తలో ఒక శీర్షిక చూసి మాత్రల డబ్బా పక్కన పెట్టేయకండి, దయచేసి.

అపోహ: పూత ఉన్న మాత్ర పొట్టకు హాని చేయదు.

పూత వల్ల మాత్ర పొట్టలో కరగదు, అంతే. మందు రక్తంలో కలిశాక, జీర్ణాశయం లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుంది. కాబట్టి పుండ్లు, రక్తస్రావం ముప్పు పూతతో పోదు. నల్లగా, తారులా విరేచనమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: పన్ను తీయించుకునే ముందురోజు మానితే చాలు.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణమే ప్లేట్‌లెట్. ఆస్పిరిన్ తాకిన ప్లేట్‌లెట్ మళ్లీ మామూలు స్థితికి రాదు. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. ఒక్కరోజు మానితే ఒరిగేదేమీ లేదు. పైగా మామూలుగా ఒక పన్ను తీయడానికి ఆస్పిరిన్ ఆపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. మీరు ఆ మాత్ర వాడుతున్నట్లు దంతవైద్యుడికి ముందే చెబితే, రక్తం ఆగేలా అక్కడికక్కడే చూసుకుంటారు.