ముందు బ్రేకు పడేస్తుందా? సైకిల్ ప్రమాదాలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో సైకిళ్లు బాగుచేస్తుంటాను. కిందపడ్డ సైకిల్ నా దగ్గరికి వస్తే, ఎలా పడ్డారో మనిషి చెప్పకముందే చాలావరకు తెలిసిపోతుంది.

అపోహ: ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతాం.

"ముందు బ్రేకు పీకేయన్నా, పిల్లోడు పడిపోతాడు" అని అడిగే తండ్రులు ఎందరో. ఆ పని మాత్రం నేను చెయ్యను. బ్రేకు వేయగానే బరువు ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకే సైకిల్‌ను ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే నమ్ముకుంటే ఆగడానికి దాదాపు రెట్టింపు దూరం పడుతుంది.

అలిపిరి నుంచి దిగే వాలులో పడ్డ ఒక కుర్రాడి సైకిల్ చూశాను. ముందు బ్రేకు వైరే లేదు. వెనక రబ్బర్లు పూర్తిగా అరిగి, ఇనుము రిమ్మును గీరుతోంది. వేలు పెడితే గాడి తగిలింది. వెనక టైరు ఒక్కచోట చదునుగా అరిగిపోయి ఉంది, చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోయిన చోటది. మోచెయ్యి చెక్కుకుపోయి బతికి బయటపడ్డాడు. ఒక జత రబ్బర్లు, ఒక వైరు ఉంటే చాలేది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

బోర్లా పడేది ముందు బ్రేకును ఒక్కసారిగా గట్టిగా నొక్కేసినప్పుడు. మన సైకిళ్లలో చాలావాటికి అది కుడిచేతి కింద ఉంటుంది. రెండూ కలిపి మెల్లగా బిగిస్తూ, ఒళ్లు కాస్త వెనక్కి జరపండి. ఖాళీ రోడ్డులో నాలుగు రోజులు అలవాటు చేసుకోండి. అక్టోబరు, నవంబరు వానల్లో తడిసిన రిమ్ము మీద బ్రేకు వెంటనే పట్టదు. ముందే రెండుమూడుసార్లు తేలిగ్గా నొక్కితే నీళ్లు తుడుచుకుపోతాయి.

అపోహ: రాంగ్ సైడ్‌లో వెళ్తే ఎదురు బండ్లు కనబడతాయి, భయం లేదు.

మీకు కనబడతాయి సరే. సందులోంచి ఎడమకు తిరిగే ఆటోవాడు కుడివైపే చూస్తాడు, మీరు వచ్చేది రెండో వైపు నుంచి. పైగా బండి 40, మీరు 15 కిలోమీటర్ల వేగంతో ఉంటే, ఎదురెదురుగా 55 అవుతుంది. ఒకే వైపు వెళ్తుంటే తేడా 25 మాత్రమే.

అపోహ: వీధిలైట్లు ఉన్నాయిగా, సైకిల్‌కు లైటెందుకు?

మీరు చూడడానికే కాదు, మీరు కనబడడానికి కూడా. తెల్లవారుజామున తిరుచానూరు రోడ్డులో పాలక్యాన్లు కట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. క్యాన్లు వెనక రిఫ్లెక్టర్‌ను కప్పేస్తాయి. ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ క్యానుకే అంటించండి.

అపోహ: పిల్లలు ఎదుగుతారుగా, పెద్ద సైకిలే కొందాం.

వద్దండీ. సీటు మీద కూర్చుంటే మునివేళ్లయినా నేలకు ఆనాలి, బ్రేకు లివరు వేళ్లకు అందాలి. హ్యాండిల్‌కు క్యారేజీ సంచి తగిలించనివ్వకండి. అది ఊగి ముందు చక్రం ఊచల్లో ఇరుక్కుంటే బ్రేకులు ఎంత బాగున్నా పిల్లాడు ఎగిరి పడతాడు. వెనక క్యారియర్‌కు రబ్బరు తాడుతో కట్టివ్వండి, కొస వేలాడకుండా ముడివేసి.