"నాకేం కాలేదు, బాగానే ఉన్నా"

రక్తంలో ఆక్సిజన్‌ని చూసేందుకు వేలికి పెట్టిన క్లిప్పు 82 శాతమే చూపిస్తోంది. మంచం మీద మనిషి మాత్రం ఫోన్ చూసుకుంటూ "నాకేం కాలేదు, బాగానే ఉన్నా" అంటున్నాడు. కోవిడ్ రోజుల్లో డాక్టర్లను కంగారు పెట్టిన దృశ్యమిది. మనకు ఆయాసం తెప్పించేది ఎక్కువగా రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ని సరిగా అందుకోలేకపోయినా, కార్బన్ డయాక్సైడ్‌ని మాత్రం చాలాకాలం బయటికి పంపేస్తుంటాయి. అందుకే ఒంట్లో అలారం గట్టిగా మోగదు. పైగా ఆక్సిజన్ తగ్గితే మెదడులో తొలుత మందగించేవాటిలో విచక్షణ ఒకటి. "బాగానే ఉన్నా" అన్న మాటను ఎంతవరకు నమ్మాలో మీరే చూడండి.

ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతమే. ఆక్సిజన్ ఖర్చులో మాత్రం దాదాపు 20 శాతం. దాచుకున్నది దాదాపు ఏమీ ఉండదు. గుండె ఆగితే సుమారు 10 సెకన్లలో స్పృహ పోతుంది, నాలుగైదు నిమిషాల్లో కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. తీవ్రమైన న్యుమోనియాలో ఇంత వేగం ఉండదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెదడులోని రక్తనాళాలు వెడల్పై రక్తాన్ని ఎక్కువగా రప్పించుకుంటాయి. అలా కొంతకాలం నెట్టుకొస్తుంది. బీపీ కూడా పడిపోయిందా, ఇక ఆ సర్దుబాటు కుదరదు.

అప్పుడు కణంలో శక్తి అడుగంటుతుంది. సోడియాన్ని బయటికి తోడేసే పంపులు నెమ్మదించి, నీరు చేరి కణం ఉబ్బుతుంది. కణాల మధ్య సందేశాలు మోసే గ్లుటమేట్ అనే రసాయనం అదుపు తప్పి పొర్లుతుంది, దాని వెనకే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఈ దెబ్బకు తట్టుకోలేనివాటిలో ముఖ్యమైనది కొత్త జ్ఞాపకాలను అల్లే హిప్పోకాంపస్. విచిత్రమేమిటంటే, అక్కడి కణాలు కొన్ని వెంటనే చావవు. ఆక్సిజన్ మళ్లీ అందాక, రెండు మూడు రోజులకు చనిపోతాయి!

ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన కొందరు అడిగిందే మళ్లీ అడుగుతారు, లెక్కలు తప్పుతారు. నీరసమని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. నిజానికి తప్పంతా ఆక్సిజన్‌దే అనలేం. మత్తుమందులు, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫ్లమేషన్ (వాపు), ఐసీయూలో వచ్చే మతిభ్రమ కూడా ఇందులో భాగస్వాములే. ఏది ఎంతో విడదీయడం కష్టం.

వేలి క్లిప్పు వెనకున్న ఆలోచన 1970లలో జపాన్ ఇంజినీరు తకువో అవోయాగిది. ఎరుపు, పరారుణ కాంతులను వేలిలోంచి పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అది అంచనా వేస్తుంది. ఇప్పుడు అదే క్లిప్పు 98 చూపిస్తోంది. పక్కనే ఆ మనిషి, "ఇవాళ ఏ వారం?" అని మూడోసారి అడుగుతున్నాడు.