బెలఫాంటే డబ్బు ఎటు పోయింది?

ఉద్యమం నడవాలంటే డబ్బు కావాలి. బెయిలు కట్టాలి, కార్లలో పెట్రోలు పోయించాలి, ఊళ్లు పట్టుకు తిరిగే కుర్రాళ్లకు తిండి పెట్టాలి. అమెరికా నల్లజాతి పౌరహక్కుల ఉద్యమంలో ఈ బరువు మోసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు గాయకుడు హ్యారీ బెలఫాంటేది.

ఆయన 1927లో న్యూయార్క్ హార్లెంలో పుట్టారు. తల్లి జమైకా నుంచి వలస వచ్చి ఇళ్లలో పని చేసేది. చిన్నప్పుడు కొన్నేళ్లు జమైకాలోనే పెరిగారు. అక్కడి రేవులో రాత్రంతా అరటి గెలలు మోసిన కూలీలు, తెల్లారింది, లెక్క చూసి ఇంటికి పంపమని అడిగే పాటే ఆయన్ని కోటీశ్వరుణ్ణి చేసింది. ఆ పాటతో మొదలయ్యే 1956 నాటి 'కాలిప్సో' ఆల్బమ్ 31 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. హుషారు బాణీలో కూలీల గోడు ఎంతమందికి వినపడిందో మరి!

అంత పేరున్నా మన్‌హట్టన్‌ వెస్ట్ ఎండ్ అవెన్యూలో నల్లవాడని ఫ్లాట్ అద్దెకివ్వలేదు. వేరేవాళ్లను ముందు పెట్టి ఆ బిల్డింగే కొనేశారు. మార్టిన్ లూథర్ కింగ్‌తో స్నేహం కుదిరింది 1956లో. తర్వాత న్యూయార్క్ వస్తే కింగ్ బస ఈ ఇంట్లోనే. 1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో అరెస్టయిన ఉద్యమకారులకు బెయిలు డబ్బు పోగుచేసినవారిలో బెలఫాంటే ఒకరు. కింగ్ జీవితబీమా ప్రీమియం కూడా ఆయనే కట్టేవారు. ఆ మనిషిని బతకనివ్వరని తెలిసి చేసిన పని అది.

1964 జూన్‌లో మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు కోసం వెళ్లిన ముగ్గురు కార్యకర్తలను చంపేశారు. మిగతావాళ్లు వెనకడుగు వేయలేదు, కానీ చేతిలో డబ్బయిపోయింది. ఆగస్టులో బెలఫాంటే 70 వేల డాలర్లు పోగుచేసి, నోట్లను డాక్టర్ల బ్యాగులో కుక్కి, నటుడు సిడ్నీ పోయిటియర్‌ని వెంటబెట్టుకుని చిన్న విమానంలో గ్రీన్‌వుడ్ చేరారు. ఒక్కణ్ణయితే చంపేస్తారు, ఇద్దరు స్టార్లను చంపాలంటే ఆలోచిస్తారని ఆయన లెక్క. రాత్రి దారిలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దుండగుల ముఠా ట్రక్కు వెంటపడి కారును గుద్దింది. ఎలాగో హాలుకు చేరి, బ్యాగు బల్ల మీద బోర్లించారు.

ఆ తర్వాత ఆఫ్రికా కరువు, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష, యూనిసెఫ్ పని. పాటకంటే వీటికే ఎక్కువ సమయమిచ్చారు.

చివర్లో గొడవ మాత్రం కింగ్ పిల్లలతోనే వచ్చింది. వియత్నాం యుద్ధంపై ప్రసంగానికి కింగ్ బెలఫాంటే ఫ్లాట్‌లో రాసుకున్న చిత్తు ప్రతితోపాటు మరికొన్ని కాగితాలను సేవా పనుల కోసం 2008లో బెలఫాంటే వేలానికి పెడితే, అవి తమవని వాళ్లు అడ్డుకున్నారు. 2013లో బెలఫాంటే కోర్టుకెక్కారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. కాగితాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.